పది కాగితాల కెమెరా

మా ఇంటి హాల్లో గోడకు నాలుగు పటాలున్నాయి. తాతది, నాయనమ్మది, పెదనాన్నది, నాన్నది. నలుగురికీ దండలు, నాన్న పటం కింద చిన్న ఎర్రబల్బు. పండుగ వస్తుందంటే అమ్మ స్టూలు వేసుకుని ఎక్కి, అద్దాలు తుడిచి, ఒక్కొక్కరికి కుంకుమబొట్టు పెట్టి దిగుతుంది. వేసవి సెలవులకు వచ్చిన మా చెల్లెలి కూతురు, అమ్మమ్మ చేసే ఆ పనంతా కింద నిలబడి చూసి, సాయంత్రం నా దగ్గరికొచ్చి "పెద్దమ్మా, గోడకు ఉన్నోళ్లందరు చచ్చిపోయినోళ్లేనా?" అని అడిగింది. అవునన్నాను. "మరి బతికున్నోళ్లయి ఏడున్నయి?" అంది. ఫోన్లో ఉన్నాయి కదా అన్నాను. సరేనన్నట్టు తలూపి ఆటకు పోయింది. నన్ను మాత్రం ఆ ప్రశ్న వదలలేదు. కాగితం మీదికి ఎక్కాలంటే మనిషి ముందు పోవాలని ఇంత చిన్నపిల్లకు మా ఇల్లు నేర్పిందా? ఎవరూ నోటితో చెప్పకపోయినా గోడ చెప్పిందా?

ఆ తర్వాత మా వరంగల్లో ఎవరింటికి వెళ్లినా కళ్లు ముందు గోడల మీదికే పోతున్నాయి. సుబేదారిలో, నక్కలగుట్టలో, కాజీపేట రైల్వే క్వార్టర్లలో, ఖిలా వరంగల్లో కోటగోడకు దగ్గరగా ఉన్న చుట్టాలింట్లో, ఎక్కడైనా వరస ఒకటే. పెద్దవాళ్ల పటాలు, బాసింగాలు కట్టుకున్న ఒక జంట, నల్లగౌను వేసుకుని పట్టా పుచ్చుకుంటున్న ఒక కొడుకు. అక్కడితో సరి. ఫోన్లలోకి కెమెరాలు వచ్చినప్పటి నుంచి గోడ ఆగిపోయింది. ఫొటోలు తగ్గాయా అంటే అదీ లేదు. మా చెల్లెలి ఫోన్లో ఆ పిల్లవే వేలల్లో ఉంటాయి. వేలితో నెట్టుకుంటూ పోతుంటే తొట్టెల వేడుక నుంచి నిన్నటి దోసె దాకా అన్నీ జారిపోతాయి, చూస్తున్న పిల్ల ఏ ఒక్కదాని దగ్గరా ఆగదు. అంతసేపు చూసి ఫోన్ పక్కన పెట్టాక దాని చేతిలో ఏమీ మిగలదు. ఒక ఫొటో మనకు ఉందంటే ఏమిటి? కనబడితే ఉన్నట్టా, పట్టుకుంటే ఉన్నట్టా? పెద్దవాళ్లకు కనబడడం చాలునేమో. గవ్వలు, సీసా మూతలు, గుడి ఆవరణలో దొరికిన నున్నటి రాళ్లు సంచిలో దాచుకునే వయసుకు అది చాలదు.

దసరాకు ముందు దాని పుట్టినరోజు. ఏం కావాలంటే, తోటిపిల్ల ఇంట్లో చూసిందట, నొక్కగానే పైనుంచి ఫొటో బయటికి వచ్చే కెమెరా కావాలంది. ఇన్‌స్టంట్ కెమెరా. కొనిచ్చే పని నాదని మా చెల్లెలికి చెప్పాను. అయితే పిల్లకు ఏ వస్తువిచ్చినా దాని వెంట ఒక అలవాటు వస్తుంది. సైకిల్ వెంట వీధి వస్తుంది, రంగుపెన్సిళ్ల వెంట గోడల మీద గీతలు వస్తాయి. ఈ కెమెరా వెంట ఏం వస్తుంది? ఊరికే వచ్చే ఫొటో ఇంట్లో ఉండగా, ఒక్కోదానికి డబ్బు పోసి తీసే ఫొటో పిల్లకు ఏం నేర్పుతుంది? అది తేల్చుకోకుండా కొనబుద్ధి కాలేదు. అందుకే దుకాణానికి వెళ్లే ముందు ఈ కెమెరా కథ ఎక్కడ మొదలైందో చదివాను.

ఇది పుట్టిందే ఒక పిల్ల ప్రశ్నతో. 1943లో అమెరికాలోని శాంటా ఫేకు కుటుంబంతో సెలవులకు వెళ్లిన ఎడ్విన్ ల్యాండ్ తన మూడేళ్ల కూతురు జెన్నిఫర్‌ను ఫొటో తీశాడు. ఆ ఫొటోను ఇప్పుడే ఎందుకు చూడలేమని ఆ పిల్ల అడిగింది. ల్యాండ్ అప్పటికే పోలరాయిడ్ కంపెనీ పెట్టిన శాస్త్రజ్ఞుడు. ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని ఊళ్లో నడుస్తూ, కెమెరా ఎలా ఉండాలో, ఫిల్ము ఎలా ఉండాలో గంటలోపే మనసులో కట్టుకున్నానని తర్వాతి కాలంలో చెప్పేవాడు. 1947 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో, శాస్త్రవేత్తల సభలో తన ఫొటో తానే దిగి, కాగితం పొర లాగి అక్కడికక్కడే చూపించాడు. 1948 నవంబరు 26న బోస్టన్‌లోని జోర్డన్ మార్ష్ దుకాణంలో మొదటి కెమెరాలు అమ్మకానికి వచ్చాయి. పొర లాగే పని కూడా లేకుండా, ఫొటో దానంతటదే బయటికి వచ్చి కళ్లముందు తేలే ఎస్‌ఎక్స్-70 కెమెరా రావడానికి 1972 దాకా పట్టింది. కూతురి ఒక్క ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పడానికి ఆ తండ్రికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టిందన్నమాట. పిల్లలు రోజుకు అడిగే ప్రశ్నల్లో ఎన్నింటిని మనం కనీసం మర్నాటిదాకా గుర్తుపెట్టుకుంటాం?

జెన్నిఫర్‌కు కావలసింది వెంటనే చూడడం. మా పిల్లకు ఆ కొరత లేదు, నొక్కకముందే తెర మీద చూస్తుంది. చూసింది ఏమైపోతున్నదన్నది దాని బాధ. ఎనభై ఏళ్లలో పిల్లల ప్రశ్న ఇటు నుంచి అటు తిరిగింది. ఆ ప్రశ్నకూ ఈ ప్రశ్నకూ జవాబు ఆ పెట్టెలోనే ఉండడం నన్ను ఆగి ఆలోచించేలా చేసింది. పెట్టెలో జరిగే పని కూడా గొప్పదే. మీట నొక్కాక, వెలుతురు సోకిన కాగితం రెండు రోలర్ల మధ్య నలిగి బయటికి వస్తుంది. కాగితం అంచులో ఒక సన్నటి పొట్లం, అందులో క్షారపు ముద్ద. రోలర్ల ఒత్తిడికి పొట్లం పగిలి ఆ ముద్ద పలచటి పొరగా లోపలంతా పరుచుకుంటుంది. ఒకప్పుడు స్టూడియో చీకటిగదిలో తొట్లలో ముంచి చేసిన పని ఆ కాగితం పొరల మధ్యే జరిగిపోతుంది. ఫుజీఫిల్మ్ వారి ఇన్‌స్టాక్స్ మినీ కాగితం మీద బొమ్మ తేలడానికి ఒకటిన్నర నిమిషం. పోలరాయిడ్ రంగుల కాగితానికి పది పదిహేను నిమిషాలు. విసనకర్రను ఊపినట్టు ఊపితే త్వరగా వస్తుందనుకుంటారు. ఊపితే లోపలి పొరలు విడిపోయి మచ్చలు పడే ప్రమాదముంది, లాభమేమీ లేదు. బల్లమీద పెట్టి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడం పిల్లకు ఎంత మంచిదో!

మా చిన్నప్పటి ఎదురుచూపు ఇంతకన్నా చాలా పెద్దది. నాన్న స్నేహితుడి దగ్గర కెమెరా అరువు తెచ్చేవాడు. రీలుకు 36 ఫొటోలు. వేయిస్తంభాల గుడిలో నంది దగ్గర రెండు, భద్రకాళి చెరువు గట్టు మీద రెండు, కోటలో తోరణం కింద అందరం కలిసి ఒకటి. మిగిలినవాటిని పండక్కని, ఎవరి పెళ్లికో అని దాచేవాడు. రీలు అయిపోయేదాకా తీసినవి కూడా చీకట్లోనే ఉండేవి. కడిగించడానికి స్టేషన్ రోడ్డులో ఇస్తే, కవరు చేతికి వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ అదే మాట. అందులో సగం ఫొటోల్లో ఎవరో ఒకరు కళ్లు మూసేవారు. అయినా ఒక్కటి పారేసింది లేదు. స్టూడియోకు వెళ్లి దిగేదైతే అది ఇంకో తతంగం. గోడకు అద్దం, పక్కన అందరికీ ఒకటే దువ్వెన, పౌడరు డబ్బా, వెనక తెర మీద చెరువూ కొబ్బరిచెట్లూ. ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. ఆ కాలం మంచిదని చెప్పడం లేదు. అంత ఖర్చు, అంత శ్రమ కాబట్టే చాలామందికి జీవితంలో ఒక్క ఫొటో కూడా ఉండేది కాదు. మా నాయనమ్మ పటం ఎవరి పెళ్లిలోనో దిగిన గ్రూపు ఫొటోలోంచి మొహం కత్తిరించి పెద్దది చేయించింది. ఆమె తన ఫొటోను తన చేత్తో పట్టుకుని చూసుకున్నదో లేదో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ల పటాల్లో చాలా వాటి వెనక ఈ కథే ఉంటుంది.

ఎవరి ఫొటో ఎవరి చేతికి పోతుందన్నది చిన్న విషయం కాదని మన ప్రాంతపు ఫొటోల చరిత్ర చెబుతుంది. లాలా దీన్‌దయాళ్ 1844లో పుట్టి 1905లో పోయాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ఫొటోగ్రాఫర్‌గా ఉండి రాజా అనిపించుకున్నాడు. ఆయన 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో పెట్టించాడు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల ఒక ఇంగ్లీషు మహిళ పర్యవేక్షణలో పనిచేసే ఆడవాళ్లు. మీట నొక్కిన చేతికీ, ఫొటో అందుకున్న చేతికీ మధ్య పరాయి చూపు పడకూడదని అంత ఏర్పాటు. ఆ పరదా మనకు అక్కర్లేదు, పోయినందుకు సంతోషమే. కానీ ఇప్పుడు ఒక ఆడపిల్ల ఫొటో ఎన్ని చేతుల మీదుగా పోతున్నదో ఆలోచిస్తే గుండె ఝల్లుమంటుంది. నొక్కగానే ఎక్కడో కంప్యూటర్లలోకి ఎక్కుతుంది, కుటుంబం గ్రూపులోకి, అక్కడి నుంచి ఎవరి స్టేటస్‌లోకో, ఇంకెవరి ఫోన్లోకో వెళుతుంది. ఆ పిల్లను ఎవరూ అడగరు. ఇన్‌స్టంట్ ఫొటోకు నెగటివ్ లేదు, రెండో కాపీ లేదు. ఎవరైనా దాన్ని ఫోన్‌తో మళ్లీ తీస్తే తప్ప, అది ఎవరి దగ్గరుందో అక్కడే ఉంటుంది. తన మొహం ఎవరికివ్వాలో తానే నిర్ణయించుకునే అవకాశం పిల్లకు ఇంకెక్కడ దొరుకుతుంది? ఈ కెమెరా మీద నా మనసు తిరిగింది ఇక్కడే.

ఇక ఎంపిక. పిల్లల కెమెరాలని అమ్ముతున్నవాటిలో మూడు రకాలున్నాయి. మొదటిది దుకాణం బిల్లులు వేసే కాగితం చుట్ట మీద నలుపు తెలుపులో ఫొటో అచ్చువేసేది. వేడి తగిలి నల్లబడే కాగితం అది. చాలా చవక, ఎంత తీసినా భయం లేదు. కానీ కొంతకాలానికి బిల్లు మీది అక్షరాలు వెలిసినట్టే ఫొటో కూడా వెలిసిపోతుంది. నాలుగైదేళ్ల పిల్లలకు అదే మేలు, వాళ్లకు నొక్కడమే ఆనందం. రెండోది తెర ఉన్నది. ముందు తెర మీద చూసుకుని నచ్చినదాన్నే అచ్చు వేయవచ్చు, తీసినవన్నీ చిప్‌లో దాచుకోవచ్చు. కాగితం వృథా కాదు కాబట్టి పొదుపనిపిస్తుంది. నేను దీన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని ఆలోచించాను. తెర ఉంటే పిల్ల మళ్లీ తెరనే చూస్తుంది. తీసి, చెరిపి, మళ్లీ తీసి, నవ్వు సరిచేసి, ఇంకోటి తీసి. ఆ పని ఫోన్లో చేస్తూనే ఉన్నాం కదా? మూడోది అసలైన ఫిల్ము కెమెరా. చిన్న కిటికీలోంచి చూడడం, ఒక్కసారి నొక్కడం, వచ్చింది తీసుకోవడం. చెరపడం ఉండదు. నా ఓటు దీనికి పడింది.

ఫిల్ము కెమెరాల్లోనూ పేర్లు చాలా ఉన్నాయి. నాకు తెలిసిందేమిటంటే చూడవలసింది కెమెరాను కాదు, కాగితాన్ని. కెమెరా ఒక్కసారి కొంటాం, కాగితం ఎప్పటికీ కొంటూనే ఉంటాం. ఇన్‌స్టాక్స్ మినీ కాగితం 86 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే ఏటీఎం కార్డంత. అందులో బొమ్మ 62, 46 మిల్లీమీటర్లు. డబ్బాలో పది కాగితాలు. పోలరాయిడ్ ఐ-టైప్ బొమ్మ ఇంతకన్నా పెద్దది, చతురస్రంగా, అందంగా ఉంటుంది, కానీ డబ్బాకు ఎనిమిదే, ధర కూడా ఎక్కువ. పైగా కాగితం లేకపోతే కెమెరా ఉత్త డబ్బా. కోడక్ కంపెనీ 1976లో ఇన్‌స్టంట్ కెమెరాలు తెచ్చింది. పోలరాయిడ్ పేటెంట్ల కేసులో ఓడి 1986లో ఆ వ్యాపారం మానుకుంటే, కొన్నవాళ్ల చేతుల్లో లక్షల కెమెరాలు ఫిల్ము లేక మిగిలిపోయాయి. పోలరాయిడ్ కూడా 2001లో దివాలా తీసి, 2008లో ఫిల్ము ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే ఊళ్లో మూతపడబోతున్న ఫ్యాక్టరీని కొందరు పట్టుదలగా నిలబెట్టి, 2010లో కొత్త ఫిల్ము తెచ్చారు. పాత పోలరాయిడ్ కెమెరాలు ఇవాళ పనిచేస్తున్నాయంటే ఆ పట్టుదల వల్లే. ఇన్‌స్టాక్స్ 1998 నుంచి ఆగకుండా వస్తున్నది, దాని కాగితం మన దగ్గర తేలికగా దొరుకుతుంది. పిల్లకు నచ్చిన కెమెరా రంగు కన్నా ఆ సంగతి ముఖ్యం.

మా ఊరి ఎండ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇన్‌స్టాక్స్ మినీ కెమెరాలు 5 డిగ్రీల నుంచి 40 డిగ్రీల వరకు పనిచేస్తాయని తయారీదారులే రాస్తారు. వరంగల్లో మే నెల మధ్యాహ్నం ఆ 40 దాటుతుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఈ రసాయనాల రంగులు తప్పుతాయి. పోలరాయిడ్ కాగితానికి 28 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది, మనకు శీతాకాలం మధ్యాహ్నాలు కూడా అంతుంటాయి. అందుకే ఎండలో నిలిపిన కార్లో, స్కూటర్ డిక్కీలో ఈ కెమెరాను, ఫిల్మును ఉంచకూడదు. విప్పని డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మంచిది, డీప్ ఫ్రీజర్‌లో వద్దు. వాడే ముందు బయటపెట్టి గది వేడికి రానివ్వాలి. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, చూసి కొనాలి. ఫిల్ము లోపల ఉండగా వెనక తలుపు తెరిస్తే వెలుతురు తగిలి కాగితాలు పాడవుతాయి. ఇంకా ముఖ్యం, తీసిన ఫొటోను పిల్లలు కత్తెరతో కత్తిరించకుండా చూడాలి. లోపలి క్షారపు ముద్ద చర్మానికి, కళ్లకు హాని చేస్తుంది. మరీ దగ్గరనుంచి తీస్తే కిటికీలో కనబడింది ఒకటి, కాగితం మీద పడింది ఒకటి అవుతుంది, ఎందుకంటే కన్ను చూసే కిటికీ వేరు, బొమ్మ పడే లెన్సు వేరు. ఇవన్నీ పిల్లకు చెబితే బుద్ధిగా విన్నది. నిజమైన వస్తువు ఇచ్చి, దాని నియమాలు చెబితే పిల్లలు ఎంత శ్రద్ధగా పాటిస్తారో చూస్తే ముచ్చటేసింది.

ఇక్కడ నన్ను చాలా రోజులు కుదిపిన సందేహం ఒకటుంది. ఇరవై కాగితాలకు వెయ్యి రూపాయలు అటూ ఇటూ అవుతుంది. అంటే ఒక్క మీట నొక్కుకు యాభై రూపాయలు. వరంగల్ మార్కెట్లో ఆ డబ్బుకు ఒక పూట కూర వస్తుంది. 1934లో మొదలై 2002లో మూతపడిన ఆజంజాహి మిల్లు కార్మికుల కుటుంబాలున్న ఊరు ఇది. యాభై రూపాయల విలువ తెలిసిన ఇళ్లు ఇప్పటికీ మా చుట్టూ ఉన్నాయి. అలాంటి ఊళ్లో, తరగతిలో ఒక్క పిల్ల చేతిలో ఈ కెమెరా ఉంటే మిగతావాళ్ల మనసు ఏమవుతుంది? ఉన్నవాళ్ల పిల్ల ముచ్చట అనిపించుకోదా? ఎంత ఆలోచించినా దీనికి పూర్తి సమాధానం దొరకలేదు. దొరికినంతవరకు చెబుతాను. ఫోన్‌తో తీసిన ఫొటోను ఎంతమందికి పంపినా తీసినవాళ్ల దగ్గర మిగిలే ఉంటుంది. ఈ ఫొటోను మాత్రం ఇచ్చేయవచ్చు, ఇచ్చేస్తే మన దగ్గర మిగలదు. ఖరీదైన వస్తువు ఒక పిల్ల దగ్గరున్నా, దాని ఫలం ఇంకో పిల్ల ఇంటికి పోగలదు. అందుకే కెమెరా ఇచ్చేటప్పుడు ఒక్క మాటే చెప్పాను, ఎవర్ని తీస్తే వాళ్లు అడిగితే ఇచ్చెయ్యాలి అని. పిల్ల ముందు బిక్కమొహం వేసింది. తన పది కాగితాలూ ఊరి పాలవుతాయేమోనని భయపడింది. ఆ భయం తీసివేయాలని నేను ప్రయత్నించలేదు. ఇవ్వడంలో కొంత నొప్పి ఉంటుందని తెలియకుండా ఇచ్చే చెయ్యి తయారవదు.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడికి వెళ్లాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి ముందు తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు కిక్కిరిసి ఉన్నాయి. చుట్టూ చేతులన్నీ ఫోన్లెత్తి ఉన్నాయి. మా పిల్ల మాత్రం మెడలో కెమెరా వేసుకుని తిరుగుతూనే ఉంది, తీయదు. ఎందుకే అంటే, "ఏది తియ్యాల్నో చూస్తున్న" అంది. అంత మంది ఫోన్ల మధ్య ఆ మాట అన్నది అదొక్కతే. చివరికి గుడి బయట గునుగుపూలు అమ్ముతున్న ఒక ముసలమ్మ దగ్గర ఆగి, "తియ్యనా అమ్మమ్మా?" అని అడిగింది. ఆమె కొంగు సవరించుకుని, వెంట్రుకలు వెనక్కి దువ్వుకుని కూచుంది. ఫొటో తేలేదాకా ముగ్గురం ఆ కాగితం మీదికే వంగి చూశాం. ముందు చీర అంచు, తర్వాత పూలకుప్ప, చివరికి ఆమె మొహం. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని రెండు వైపులా తిప్పి చూసి, "ఇది నాకేనా?" అంది. పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసి, నీకే అంది. ఆమె దాన్ని రవికెలో దాచుకుని, మాకు దోసెడు పూలిచ్చింది. తొమ్మిది రోజులు పూలు పేర్చి, ఆడి, ఏరోజుకారోజు నీళ్లలో వదిలేసే పండుగ పెట్టుకున్న మనకు, చేసినదాన్ని చేతులారా విడవడం కొత్త కాదు. చివరిరోజు సద్దులనాడు పద్మాక్షి గుండంలో బతుకమ్మను వదిలేటప్పుడు ఏడ్చే పిల్లలు ఎవరూ కనబడరు.

ఆ సాయంత్రం నాకు వరంగల్లో పుట్టిన ఫొటోగ్రాఫర్ గుడిమల్ల భరత్ భూషణ్ గుర్తొచ్చారు. 2022 జనవరిలో ఆయన పోయారు. తెలంగాణ పల్లెను, బతుకమ్మను, పనిచేసుకునే ఆడవాళ్లను, పాతిళ్ల తలుపులను ఆయన ఏళ్ల తరబడి ఫొటోలు తీశారు. మన ఇంటి ముందున్నదే కదా, ఇందులో చూసేదేముందని మనం దాటిపోయినవాటి ముందు ఆయన ఆగారు. రీళ్ల కాలంలో ఆ పని మొదలుపెట్టినవారు కనుక ప్రతి నొక్కుకూ ఒక ఖర్చు, ఒక నిర్ణయం ఉండేవి. కాగితాలు తక్కువైతేనే కన్ను పదునెక్కుతుందా? ఫోన్లో రోజుకు వంద తీసినా మంచి ఫొటోగ్రాఫర్లు తయారవడం లేదా? అవుతున్నారు, కాదనను. అయినా ఏది తియ్యాలో చూస్తున్నానన్న ఆ మాట, లెక్కలేనన్ని తీసుకోగలిగిన పిల్ల నోట రావడం కష్టమని నాకనిపిస్తుంది. చూడడం ముందు, నొక్కడం తర్వాత అన్న వరస పది కాగితాల డబ్బా తనంతట తానే నేర్పింది. నేనేమీ చెప్పలేదు.

ఇంకో సందేహం కూడా చెప్పుకోవాలి. ఈ ఫొటోలు ఎంతకాలముంటాయి? ఎండ పడే గోడకు అంటిస్తే ఏళ్లు గడిచేకొద్దీ రంగు తగ్గుతుంది. నెగటివ్ లేదు కాబట్టి చిరిగితే, తడిస్తే మళ్లీ రాదు. నలుపు తెలుపు పటాలు అరవై డెబ్బై ఏళ్లు నిలిచిన ఇంట్లో ఇంత అల్పాయుష్షు ఫొటోకు చోటివ్వడం సరేనా? ఈ ప్లాస్టిక్ డబ్బాలు, కాగితాలు ఎక్కడికి పోతాయి? ఖాళీ డబ్బాలను మేం అగ్గిపెట్టెలకు, గవ్వలకు వాడుతున్నాం కానీ అది పరిష్కారం కాదని తెలుసు. నెలకు ఒక్క డబ్బా మించకూడదన్న నియమం పెట్టుకోవడానికి డబ్బుతో పాటు అదీ ఒక కారణం. ఫొటో ఆయుష్షు గురించి మాత్రం నాకు బెంగ తగ్గింది. వందేళ్లుండాల్సినవి కొన్ని ఉంటాయి, వాటిని మంచి స్టూడియోలో ప్రింటు వేయించుకోవచ్చు. పిల్ల బాల్యమంతకాలం దాని చేతిలో ఉంటే చాలునన్నవి కొన్ని. ఇవి రెండో రకం.

కొనాలనుకునేవారికి నా మాట ఇది. ఆరేళ్లు దాటని పిల్లలకైతే చవక కాగితపు కెమెరా చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చాక కొనేటట్టయితే తెర లేని, మినీ ఫిల్ము వాడే సాదా కెమెరా తీసుకోండి. ఖరీదైన మోడల్‌కు పెట్టే డబ్బును ఫిల్ముకు దాచండి. కెమెరా ధర అడిగే ముందు కాగితం ధర అడగండి, నెలకు ఎన్ని కొనగలరో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఏం తియ్యాలో పిల్లకు చెప్పకండి, మసకగా వచ్చినదానికి కోప్పడకండి, ఎవర్నైనా తీసే ముందు అడగమని మాత్రం నేర్పండి. తెల్ల అంచు మీద తీసిన తేదీ, దిగినవాళ్ల పేరు పిల్లచేతే రాయించండి. ఈ ఖర్చు మీకు కుదరకపోతే బాధపడవలసిన పని అసలే లేదు. ఫోన్లో ఉన్న వేల ఫొటోల్లోంచి నాలుగు పిల్లనే ఏరమనండి, హన్మకొండ చౌరస్తాలో ప్రింటు వేయించి దాని చేతికివ్వండి. ఒక్కోదానికి ఒక చాయ్ డబ్బులవుతాయి. పిల్లకు కావలసింది పట్టుకోవడానికి, ఇవ్వడానికి వీలున్న ఫొటో. కెమెరా దాని తర్వాతే.